వస్తే కొండ, పోతే వెంట్రుక: అమెరికా నిఘా సంస్థలు పరిశోధన మీద పందెం ఎలా కాస్తాయి

రెండొందల గంటల తెలుగు ఫోన్ సంభాషణలు ఒక డేటా ప్యాక్‌గా 2018 నుంచి పరిశోధకులకి అందుబాటులో ఉన్నాయి. ఇంట్లో కూర్చుని మాట్లాడినవి కొన్ని, రోడ్డు మీద నిలబడి మాట్లాడినవి కొన్ని, కదిలే బండిలోంచి మాట్లాడినవి కొన్ని, సెల్‌ఫోన్‌వీ ల్యాండ్‌లైన్‌వీ కలిపి. ఎవరి ఫోనో చాటుగా విని పట్టుకొచ్చినవి కావు, ఈ పని కోసమే మనుషుల్ని మాట్లాడించి రికార్డు చేసినవి. రికార్డు చేసిన కంపెనీ పేరు ఆపెన్. డబ్బు పెట్టింది మాత్రం అమెరికా నిఘా వ్యవస్థలోని ఒక చిన్న ఆఫీసు: ఇంటెలిజెన్స్ అడ్వాన్స్‌డ్ రీసెర్చ్ ప్రాజెక్ట్స్ యాక్టివిటీ, పొట్టిగా ఐయార్పా.

సీఐఏ పేరు వినని వాళ్ళు ఉండరు, ఫోన్లూ ఇంటర్నెట్టూ గమనించే ఎన్ఎస్ఏ పేరు 2013లో అక్కడ కాంట్రాక్టు మీద పనిచేసిన స్నోడెన్ రహస్య పత్రాలు బయటపెట్టాక ప్రపంచమంతా తెలిసింది, ఐయార్పా పేరు మాత్రం పరిశోధన పత్రాల చివర కృతజ్ఞతలు చెప్పే పేరాలో తప్ప పెద్దగా కనిపించదు. కానీ క్వాంటమ్ కంప్యూటర్ల నుంచి ఎలుక మెదడు దాకా, ముఖాల్ని గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ నుంచి మన భాషలో మాటలు పట్టే సాఫ్ట్‌వేర్ దాకా గత పదిహేను, పదిహేడేళ్ళలో ఈ ఆఫీసు డబ్బు చేరని చోటు తక్కువ. నిఘా సంస్థకి ఎలుక మెదడుతో ఏం పని, తెలుగు మాటలతో ఏం పని అన్న ప్రశ్నలకి జవాబు చెప్పాలంటే ముందు వీళ్ళు 'హై రిస్క్' అని దేన్ని అంటారో అర్థం చేసుకోవాలి.

ఇక్కడ రిస్క్ అంటే ప్రమాదం కాదు. పెట్టిన డబ్బుకి ఫలితం రాకుండా పోయే అవకాశం ఎక్కువ అని. మనవాళ్ళు కొండకి వెంట్రుక కట్టి లాగడం అంటారు చూడండి, వస్తే కొండ, పోతే వెంట్రుక. సరిగ్గా అదే లెక్క. మామూలు ప్రభుత్వ శాఖ ఇలాంటి వాటికి డబ్బివ్వదు, ఎందుకంటే పని ఫెయిలైతే రేపు ఆడిట్‌లో సంజాయిషీ చెప్పుకోవాలి. కంపెనీలూ ఇవ్వవు, ఐదేళ్ళ తర్వాత వస్తుందో రాదో తెలియని దానికి షేర్‌హోల్డర్లు ఒప్పుకోరు. అందుకని ఫెయిలవడానికి ముందే అనుమతి ఉన్న ఒక ఆఫీసు కావాలి. ఈ సామెతలో ఒక చిక్కుంది, ఆ వెంట్రుక జనం కట్టిన పన్ను. దాన్ని పోగొట్టుకోవడానికీ ఒక పద్ధతి ఉండాలి. ఆ పద్ధతి ఉందా లేదా అన్నదే ఈ మొత్తం వ్యవహారంలో అసలు విషయం అని నా అభిప్రాయం.

ఈ ఆలోచన 1957 అక్టోబర్ 4న సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ని పంపినప్పుడు మొదలైంది. ఉలిక్కిపడ్డ అమెరికా 1958 ఫిబ్రవరిలో ఆర్పా అనే సంస్థ పెట్టింది, దానికే తర్వాత డార్పా అని పేరొచ్చింది. ఇంటర్నెట్‌కి మూలమైన ఆర్పానెట్ 1969లో దాని డబ్బుతోనే పుట్టింది. కానీ డార్పా పనిచేసేది సైన్యం కోసం. నిఘా సంస్థలకి అలాంటిది వేరేగా ఉండాలన్న మాట గట్టిపడింది మాత్రం రెండు పెద్ద వైఫల్యాల తర్వాత, ఒకటి 2001 సెప్టెంబర్ 11 దాడులు ముందే పసిగట్టలేకపోవడం, రెండోది ఇరాక్‌లో సామూహిక విధ్వంసక ఆయుధాలున్నాయని 2002లో బల్లగుద్ది చెప్పడం. 2004లో చట్టం చేసి నిఘా సంస్థలన్నిటి మీదా ఒక డైరెక్టర్‌ని పెట్టారు. ఆ డైరెక్టర్ ఆఫీసు కింద 2006, 2007ల్లో ఐయార్పా రూపు దిద్దుకుంది, అప్పటికే ఎన్ఎస్ఏలో, సీఐఏలో, మ్యాపుల సంస్థ ఎన్‌జీఏలో విడివిడిగా ఉన్న పరిశోధన విభాగాల్ని కలిపి. మొదటి డైరెక్టర్ లిసా పోర్టర్, అంతకుముందు నాసాలో పనిచేసిన భౌతిక శాస్త్రవేత్త.

ఇక్కడ చాలామంది మూడు సంస్థల్ని కలిపేస్తారు. డార్పా సైన్యం కోసం. ఇన్-క్యూ-టెల్ అని ఇంకోటుంది, 1999లో సీఐఏ చొరవతో మొదలైంది, అది స్టార్టప్‌లలో పెట్టుబడి పెడుతుంది, అంటే ఇప్పటికే సగం తయారైన వస్తువుని తనకి కావలసినట్టు మలుచుకుంటుంది. కీహోల్ అనే చిన్న కంపెనీలో అలాగే 2003లో పెట్టుబడి పెట్టింది, మరుసటి ఏడాది ఆ కంపెనీని గూగుల్ కొంది, అదే ఇవాళ మనం చూసే గూగుల్ ఎర్త్. ఐయార్పా పని వీటికంటే ముందు దశలో ఉంటుంది, వస్తువు ఇంకా లేదు, అసలు సాధ్యమో కాదో కూడా తెలియదు.

పనిచేసే తీరు కూడా మనం ఊహించేలా ఉండదు. వాళ్ళకి సొంత ల్యాబ్‌లు లేవు. బయటి యూనివర్సిటీల నుంచి, కంపెనీల నుంచి వచ్చిన నిపుణులు ప్రోగ్రామ్ మేనేజర్లుగా మూడు నుంచి ఐదేళ్ళు పనిచేసి వెళ్ళిపోతారు. కుర్చీ శాశ్వతం కాదు కాబట్టి తన పేరు మీద మొదలైన ప్రాజెక్టుని బతికించుకుంటూ కూర్చోవాల్సిన అవసరం ఉండదు. ఆ మేనేజర్ ఒక సమస్య తీసుకొస్తాడు, డార్పాని 1970ల్లో నడిపిన జార్జ్ హైల్‌మయర్ రాసిపెట్టిన ప్రశ్నలకి జవాబు చెప్పాలి: ఏం చేయాలనుకుంటున్నావు, సాంకేతిక పరిభాష లేకుండా చెప్పు. ఇవాళ ఆ పని ఎలా చేస్తున్నారు, ఎక్కడ ఆగిపోతున్నారు? నీ దగ్గర కొత్తేముంది? అయితే ఎవరికి లాభం? ఎంత ఖర్చు, ఎన్నాళ్ళు? అయిందో లేదో మధ్యలో ఒకసారి, చివర్లో ఒకసారి ఎలా పరీక్షిస్తావు? ఆ ఆఖరి ప్రశ్న దగ్గరే చాలా గొప్ప ఆలోచనలు తేలిపోతాయి.

ఒప్పుకున్నాక బహిరంగంగా ప్రకటన ఇస్తారు, యూనివర్సిటీలూ కంపెనీలూ జట్లుగా దరఖాస్తు పెట్టుకుంటాయి, ఒకే సమస్య మీద మూడు నాలుగు జట్లకి ఒకేసారి డబ్బిస్తారు, పరీక్ష పెట్టే బాధ్యత మాత్రం వేరే స్వతంత్ర జట్టుకి అప్పజెప్తారు. పేపర్ దిద్దేవాడూ పరీక్ష రాసేవాడూ ఒకడే కాకూడదన్నమాట. దశల వారీగా లక్ష్యాలుంటాయి, అందుకోని జట్టుకి తర్వాతి దశలో డబ్బు ఆగిపోతుంది.

ఈ పరీక్ష అంత ముఖ్యమా అంటే, పాత కథలు రెండు పక్కపక్కన పెట్టి చూడండి.

మొదటిది కొరోనా. రోగం కాదు, అమెరికా మొట్టమొదటి గూఢచారి ఉపగ్రహ కార్యక్రమం పేరు అది. అధ్యక్షుడు ఐజన్‌హోవర్ 1958లో ఒప్పుకున్నాడు, బయటికి మాత్రం డిస్కవరర్ అనే శాస్త్ర పరిశోధన ఉపగ్రహాలని చెప్పారు. పథకం వింటేనే పిచ్చిగా ఉంటుంది: అంతరిక్షంలోంచి ఫిల్మ్ కెమెరాతో సోవియట్ నేల ఫొటోలు తీయాలి, ఆ ఫిల్మ్ చుట్టని ఒక డబ్బాలో పెట్టి కిందికి వదలాలి, అది పారాచ్యూట్‌తో దిగుతుండగా పసిఫిక్ మహాసముద్రం మీద విమానం వెనక వేలాడే కొక్కేలతో గాల్లోనే పట్టుకోవాలి. 1959 మొదలుకుని వరసగా పన్నెండు డిస్కవరర్లు అనుకున్న పని చేయలేకపోయాయి. రాకెట్ ఎగరలేదు, కక్ష్య తప్పింది, కెమెరా ఆగిపోయింది, శూన్యంలో ఫిల్మ్ పెళుసెక్కి ముక్కలైంది, దాంతో ఫిల్మ్ తయారుచేసే పదార్థాన్నే అసిటేట్ నుంచి పాలిస్టర్‌కి మార్చాల్సొచ్చింది. పదమూడోదాని డబ్బా సముద్రంలోంచి దొరికింది గానీ అందులో ఫిల్మ్ లేదు. 1960 ఆగస్టు 19న పద్నాలుగోదాని డబ్బాని ఒక సీ-119 విమానం మూడో ప్రయత్నంలో గాల్లో అందుకుంది. ఆ ఒక్క డబ్బాలోని ఫిల్మ్, అప్పటిదాకా నాలుగేళ్ళపాటు యూ-2 గూఢచారి విమానాలు ప్రాణాలొడ్డి తీసిన సోవియట్ ఫొటోలన్నిటికంటే ఎక్కువ భూభాగాన్ని చూపించింది. అంతకు మూడు నెలల ముందే, మే 1న యూ-2ని సోవియట్లు కూల్చేశారు కాబట్టి ఇక విమానాలు పంపే దారి కూడా మూసుకుపోయి ఉంది.

పన్నెండు వైఫల్యాల్లోనూ ఒక విషయం గమనించండి. ప్రతిసారీ ఏది చెడిందో తెలిసింది. ఫిల్మ్ విరిగిందంటే విరిగింది, డబ్బా రాలేదంటే రాలేదు. వాదించడానికి ఏమీ లేదు, సరిచేసి మళ్ళీ పంపారు.

రెండో కథ స్టార్‌గేట్. 1972 ప్రాంతంలో కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో సీఐఏ డబ్బుతో మొదలైంది, తర్వాత సైన్యం నిఘా విభాగం చేతికి వెళ్ళింది, పేర్లు మారుతూ 1995 దాకా నడిచింది, మొత్తం ఖర్చు రెండు కోట్ల డాలర్లు. గదిలో కూర్చున్న మనిషి కళ్ళు మూసుకుని వేల మైళ్ళ దూరంలో ఉన్న రహస్య స్థావరాన్ని 'చూసి' బొమ్మ గీయాలి. సూటిగా చెప్పాలంటే సోదె చెప్పించుకోవడమే. మరి ఇరవై ఏళ్ళకి పైగా ఎలా బతికింది? గీసిన బొమ్మలో ఒక గుండ్రటి ఆకారం ఉంటే, అక్కడ నిజంగా ట్యాంకో గోపురమో ఉందని తెలిశాక 'చూశారా, సరిపోయింది' అనేవాళ్ళు. సరిపోవడం అంటే ఏమిటో ముందుగా ఎవరూ రాసి పెట్టుకోలేదు. చివరికి 1995లో బయటి నిపుణులతో సమీక్ష చేయిస్తే, ఈ కార్యక్రమం వల్ల నిఘా పనికి అక్కరకొచ్చిన సమాచారం ఒక్కసారీ రాలేదని తేలింది, మూసేశారు.

సాహసం విషయంలో రెండూ సమానమే. నిజానికి మనిషి మెదడుతో దూరాన ఉన్నది చూడగలమన్నది అంతరిక్షంలోంచి ఫిల్మ్ డబ్బా విసరడం కంటే పెద్ద పందెం. తేడా అల్లా ఓడిపోయామని తెలుసుకునే వీలు ఒకదానికి ఉంది, రెండోదానికి లేదు. రహస్యం ఇలాంటి చోటే ఎక్కువ హాని చేస్తుంది, గుట్టుగా జరిగే పనిని బయటివాడు వచ్చి ఎక్కడ తప్పిందో చూపించే అవకాశం ఉండదు కాబట్టి.

ఇప్పుడు ఐయార్పా చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించేదాని దగ్గరికొస్తాను. అందులో ఒక్క యంత్రం కూడా లేదు.

1951లో సీఐఏ ఒక అంచనా రాసింది, యుగోస్లావియా మీద సోవియట్ కూటమి ఆ ఏడాది దాడి చేసే అవకాశాన్ని తీవ్రంగానే పరిగణించాలి అని. ఆ అంచనాల విభాగంలో షెర్మన్ కెంట్ అనే చరిత్రకారుడు ఉండేవాడు. విదేశాంగ శాఖ అధికారి ఒకాయన మాటల్లో మాటగా, 'తీవ్రంగా పరిగణించాలి అంటే ఎంత?' అని అడిగాడు. నూటికి 65 వంతులు అనుకోండి అన్నాడు కెంట్. ఆ అధికారి కంగుతిన్నాడు, తానూ తన శాఖవాళ్ళూ అంతకంటే చాలా తక్కువ అనుకున్నారట. దాంతో కెంట్‌కి అనుమానం వచ్చి, ఆ వాక్యం మీద తనతోపాటు కూర్చుని ఒప్పుకున్న సహచరుల్నే ఒక్కొక్కరినీ అడిగాడు. ఒకరు నూటికి 20 అన్నారు, ఇంకొకరు 80 అన్నారు. అందరూ కలిసి ఆమోదించిన ఒకే వాక్యం! ఒకరి మనసులో యుద్ధం దాదాపు ఖాయం, ఇంకొకరి మనసులో దాదాపు లేనట్టే.

మనం రోజూ మాట్లాడేటప్పుడు 'రావచ్చు', 'వస్తాడేమో', 'వచ్చేలా ఉన్నాడు' అంటాం, ఎదుటివాడికి ఎంత అర్థమైందో పట్టించుకోం, పెద్ద నష్టమూ ఉండదు. అదే మాట మీద సైన్యాలు కదిలితే కథ వేరు. పైగా 'జరగవచ్చు' అన్నవాడు ఎప్పుడూ తప్పు కాడు, జరిగితే నేను చెప్పాను కదా అంటాడు, జరగకపోతే జరగవచ్చు అన్నాను గానీ జరుగుతుంది అన్నానా అంటాడు. స్టార్‌గేట్ బొమ్మలకీ దీనికీ నాకు తేడా కనిపించదు.

2011లో ఐయార్పా ఏస్ అనే ప్రోగ్రామ్‌లో దీన్నే పరీక్షకి పెట్టింది. ఐదు జట్లు, నాలుగేళ్ళు, దాదాపు 500 ప్రశ్నలు. ఫలానా తేదీలోపు ఫలానా దేశం క్షిపణి పరీక్ష చేస్తుందా, ఫలానా నాయకుడు పదవిలో ఉంటాడా, ఇలా తర్వాత ఎవరూ మాట మార్చడానికి వీల్లేకుండా రాసిన ప్రశ్నలు. జవాబు అంకెలోనే చెప్పాలి. మార్కులు వేసే పద్ధతి వాతావరణ శాస్త్రం నుంచి తెచ్చుకున్నది, బ్రయర్ స్కోర్ అంటారు. సులువైన రూపంలో చెప్తాను: జరిగితే 1, జరగకపోతే 0 అనుకోండి. మీరు 80 శాతం అన్నారు, అంటే 0.8. జరిగితే తేడా 0.2, దాని వర్గం 0.04, ఇది చాలా మంచి స్కోరు. జరగకపోతే తేడా 0.8, వర్గం 0.64, గట్టి దెబ్బ. అన్నిటికీ ఫిఫ్టీ-ఫిఫ్టీ అని గోడ మీద కూర్చున్నవాడికి ఎప్పుడూ 0.25 వస్తుంది, మంచీ కాదు చెడ్డా కాదు. ఇందులో తప్పించుకునే సందు లేదు. ధైర్యంగా చెప్పాలి, కానీ ఎంత తెలుసో అంతే ధైర్యం చేయాలి.

పెన్సిల్వేనియా యూనివర్సిటీకి చెందిన ఫిలిప్ టెట్‌లాక్, బార్బరా మెల్లర్స్ నడిపిన జట్టు మిగతా జట్ల కంటే ఎంత ముందుకెళ్ళిపోయిందంటే, రెండేళ్ళకే ఐయార్పా మిగతా జట్లని ఆపేసింది. వాళ్ళు పోగుచేసినవాళ్ళు నిఘా అధికారులు కాదు, స్వచ్ఛందంగా చేరిన వేలమంది మామూలు జనం. అందులో పైన తేలిన రెండు శాతం మంది ఏడాది తర్వాత ఏడాది అదే స్థాయిలో నిలబడ్డారు, అంటే అదృష్టం కాదు. వాళ్ళ ప్రత్యేకత పెద్ద చదువో రహస్య సమాచారమో కాదు, కొత్త వార్త రాగానే తమ అంకెని కొద్దికొద్దిగా సవరించుకోవడం, తమ అభిప్రాయాన్ని తామే అనుమానించడం. జట్టుగా కూర్చోబెట్టి, ఓ గంట శిక్షణ ఇచ్చి, అందరి అంకెల్నీ లెక్కతో కలిపితే ఇంకా మెరుగయ్యాయి. ఇవాళ అమెరికా నిఘా నివేదికలు రాసేవాళ్ళకి ఒక పట్టిక ఉంది, అందులో 'లైక్లీ' అనే మాట వాడితే 55 నుంచి 80 శాతం అని అర్థం. కెంట్ అప్పట్లో అడిగి ఒప్పించలేకపోయిన మాట అదే.

ఇదే ఆలోచన 2003లో డార్పా చేతిలో ఎలా చచ్చిపోయిందో కూడా చెప్పాలి. మధ్యప్రాచ్యంలో జరగబోయే సంఘటనల మీద పందెం కాసే ఒక మార్కెట్ పెట్టి, ఆ ధరల్లోంచి అంచనా తీద్దామని డార్పా అనుకుంది. జులై చివర్లో ఇద్దరు సెనేటర్లు ఉగ్రవాద దాడుల మీద పందాలా అని నిలదీశారు, మరుసటి రోజుకే రద్దు చేశారు, ఆ విభాగం నడుపుతున్న జాన్ పోయిండెక్స్‌టర్ ఆగస్టులో రాజీనామా చేశాడు. జనం అభ్యంతరం అర్థం లేనిదేం కాదు. మనుషుల చావు మీద డబ్బు సంపాదించే వీలు కల్పించడం ఎవరికైనా రోత పుట్టిస్తుంది. ఏస్‌లో ఆ డబ్బు పందెం తీసేసి స్కోరు పెట్టారు, ప్రశ్నలు ముందుగా అందరి కళ్ళెదుటా పెట్టారు, ఫలితాలు శాస్త్ర పత్రికల్లో అచ్చువేశారు. ఆలోచన దాదాపు అదే అయినా, బయటపెట్టి చేసిన తీరు దాన్ని బతికించింది.

ఇక మన తెలుగు సంగతి. బేబెల్ అనే ప్రోగ్రామ్ 2012 ప్రాంతంలో మొదలైంది. అప్పటికి మాటని అక్షరాల్లోకి మార్చే సాఫ్ట్‌వేర్ ఇంగ్లీషుకి బాగానే ఉంది, ఎందుకంటే వేల గంటల రికార్డింగులు, వాటిని ఎదురుగా పెట్టుకుని రాసిన పాఠం ఉన్నాయి. మిగతా భాషలకి అదంతా లేదు. ఎక్కడో ఏదో జరిగి, ఇప్పటిదాకా ఎవరూ పట్టించుకోని భాషలో రికార్డింగులు గుట్టలుగా వచ్చిపడితే, అందులో ఫలానా మాట ఎక్కడుందో వారంలో వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్ తయారుచేయగలమా అన్నది ప్రశ్న. ఐబీఎం, బీబీఎన్ కంపెనీలు, కార్నెగీ మెలన్ యూనివర్సిటీ, బర్క్‌లీలోని పరిశోధన సంస్థ ఐసీఎస్ఐ నాయకత్వంలో నాలుగు జట్లు పోటీపడ్డాయి. మొదట్లో ఒక భాషకి 80 గంటల మాటలకి రాసిన పాఠం ఇచ్చారు, పోనుపోను కొన్ని పరీక్షల్లో మూడు గంటలకి దించేశారు. తమిళం, బెంగాలీ, అస్సామీ, జులు, లావో, తెలుగు, ఇలా రెండు డజన్ల భాషలు. ప్రతి ఏడూ చివర్లో ఒక 'సర్‌ప్రైజ్' భాష ఉండేది, అది ఏదో అప్పటిదాకా జట్లకి చెప్పరు, పేరు బయటపెట్టిన రోజునుంచి గడియారం మొదలు. పరీక్ష నిర్వహించింది ఎన్ఐఎస్‌టీ అనే ప్రభుత్వ ప్రమాణాల సంస్థ, బయటి జట్లు కూడా వచ్చి పాల్గొనవచ్చని తలుపు తెరిచిపెట్టింది.

తెలుగు లాంటి భాష ఎందుకు కష్టమో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. 'వెళ్ళాలనుకుంటున్నానని చెప్పాను' అన్న వాక్యంలో మొదటి మాట చూడండి. వెళ్ళు, ఆలి, అను, కొను, ఉన్నాను, అని, ఇన్ని ముక్కలు కలిసి ఒకే మాటగా నోట్లోంచి వస్తాయి, అదీ ఫోన్లో మాట్లాడేటప్పుడు 'ఎల్లాలనుకుంటన్నా' అని ఇంకా కరిగిపోయి వస్తుంది. ఇంగ్లీషుకి ఒక నిఘంటువు పెట్టుకుని అందులో మాటలు వెతకమంటే పని నడుస్తుంది, తెలుగులో ప్రతి క్రియకీ వందల రూపాలు, వాటిలో సగం శిక్షణ డేటాలో ఒక్కసారీ కనిపించి ఉండవు. అందుకే ఆ జట్లు పూర్తి మాటలతో పాటు, వాటిని ముక్కలుగా, ధ్వనులుగా విడదీసి వెతికే పద్ధతులు కూడా తయారుచేసుకున్నాయి. మార్కులు వేసేటప్పుడు రెండు తప్పులూ లెక్కలోకొస్తాయి, ఉన్న మాటని వదిలేయడం ఒకటి, లేని మాటని ఉందనడం ఇంకొకటి.

నాకు ఇందులో నిజంగా సంతోషం కలిగించేది, ఆ రికార్డింగులు బీరువాలో పెట్టి తాళం వేయకపోవడం. లింగ్విస్టిక్ డేటా కన్సార్షియం ద్వారా బయటికొచ్చాయి, తెలుగు మాటని కంప్యూటర్‌కి నేర్పాలనుకునే విద్యార్థి ఎవరైనా లైసెన్స్ తీసుకుని వాడుకోవచ్చు. మన భాషకి అలాంటి డేటా పోగుచేయాలని ఎంతోకాలంగా అనుకుంటున్న చోట, అది ఒక పరాయి దేశపు నిఘా సంస్థ అవసరం కోసం తయారవడం మాత్రం మనసుకి కొంచెం కష్టంగానే ఉంటుంది.

ఎలుక మెదడు గురించి చెప్తానన్నాను. పిల్లవాడికి పిల్లిని రెండుసార్లు చూపిస్తే మూడోసారి గుర్తుపడతాడు, కంప్యూటర్‌కి వేల ఫొటోలు కావాలి. మెదడు ఎలా అల్లుకుని ఉందో చూస్తే ఆ కిటుకు దొరుకుతుందేమోనని 2016లో మైక్రాన్స్ అనే ప్రోగ్రామ్‌కి దాదాపు పది కోట్ల డాలర్లు పెట్టారు. అంతకు ముందు 1979లో ఫ్రాన్సిస్ క్రిక్, డీఎన్ఏ నిర్మాణం కనుక్కున్న ఆయనే, ఒక ఘన మిల్లీమీటరు మెదడులోని తీగల పటం కావాలని అడగడం అసాధ్యాన్ని అడగడమే అని రాశాడు. వీళ్ళు కచ్చితంగా దాన్నే అడిగారు. హ్యూస్టన్‌లోని బేలర్ వైద్య కళాశాలలో ఎలుకకి వీడియోలు చూపిస్తూ మెదడులో ఏ కణాలు వెలుగుతున్నాయో రికార్డు చేశారు. ఆ మెదడులోంచి ఇసుక రేణువంత ముక్కని సియాటిల్‌లోని అలెన్ ఇన్‌స్టిట్యూట్‌కి పంపారు. అక్కడ దాన్ని దాదాపు 28,000 పొరలుగా కోయాలి, ఒక్కో పొర మన వెంట్రుక మందంలో నాలుగొందలో వంతు. మధ్యలో కొన్ని పొరలు వరసగా పోతే తీగలు ఎక్కడికక్కడ తెగిపోయి మొత్తం వృథా. అందుకని పన్నెండు రోజులు, రాత్రీ పగలూ వంతులు వేసుకుని యంత్రం పక్కనే కూర్చున్నారు. తర్వాత ప్రిన్స్‌టన్‌లో సాఫ్ట్‌వేర్‌తో ఆ బొమ్మలన్నీ అతికించి ఒక్కో తీగనీ రంగులు వేసి విడదీశారు. 2025 ఏప్రిల్‌లో నేచర్ పత్రికలో ఫలితాలొచ్చాయి, 84,000 న్యూరాన్లు అంటే నాడీ కణాలు, వాటిని కలిపే సినాప్సులు 50 కోట్లకి పైగా. గూఢచర్యానికి నేరుగా ఇది ఏం పనికొచ్చిందని అడిగితే నేనైతే చూపించలేను. కానీ మెదడు మీద పనిచేసే ప్రతివాళ్ళకీ ఆ పటం ఉచితంగా తెరిచి ఉంది.

క్వాంటమ్ కంప్యూటర్ల విషయంలో లాభం ఇంత దూరం కాదు. అలాంటి కంప్యూటర్‌తో పెద్ద అంకెల్ని విడగొట్టి రహస్య సంకేతాల్ని ఛేదించే పద్ధతిని పీటర్ షోర్ అనే గణిత శాస్త్రవేత్త 1994లో చూపించినప్పటి నుంచి ఎన్ఎస్ఏ లాంటివి కన్నేసి ఉంచాయి. 2014లో కాలిఫోర్నియా యూనివర్సిటీ శాంటా బార్బరా జట్టు తప్పుల్ని దిద్దుకోవడానికి కావలసినంత కచ్చితమైన క్యూబిట్లు (క్వాంటమ్ కంప్యూటర్‌లో సమాచారాన్ని పట్టుకునే మూల భాగాలు) చూపించినప్పుడు ఆ డబ్బులో ఐయార్పా వాటా ఉంది.

ఇప్పటిదాకా మెచ్చుకున్నాను, మెచ్చుకోదగ్గ పనులే. నాకు టెన్షన్ పుట్టించేది ఆ తర్వాత జరిగేది.

ప్రోగ్రామ్ మొదలు బహిరంగం, పరీక్ష బహిరంగం, పత్రాలు బహిరంగం. గెలిచిన టెక్నాలజీ నిఘా సంస్థల చేతికి వెళ్ళిన రోజున మాత్రం తెర పడుతుంది. ఎవరు తీసుకున్నారు, ఎక్కడ వాడారు, ఎవరి మీద వాడారు అన్నది మనకి తెలియదు. తాము పరిశోధన మాత్రమే చేస్తామని, ఆపరేషన్లు చేయమని ఐయార్పా చెప్తుంది, అది నిజమే, కానీ ఆ మాటే గోడలా కూడా పనిచేస్తుంది. 2014లో జానస్ ప్రోగ్రామ్ ఏ కోణంలో తీసిన ఫొటోలోనైనా ముఖం గుర్తుపట్టడం మీద పనిచేసింది. ఈ దశాబ్దంలో బ్రయర్ అనే ప్రోగ్రామ్ (పైన చెప్పిన బ్రయర్ స్కోర్‌తో సంబంధం లేదు) కిలోమీటరు దూరం నుంచి, ఎత్తైన చోటు నుంచి, ముఖంతో పాటు నడక, ఒడ్డూ పొడుగూ చూసి మనిషిని గుర్తుపట్టడం మీద దృష్టి పెట్టింది. కచ్చితత్వం ఎంతో కొలుస్తారు, చాలా జాగ్రత్తగా కొలుస్తారు. కిలోమీటరు దూరంలో నడుస్తున్న ఆ మనిషికి అడిగే హక్కుందా అన్నది ఆ పరీక్షలో ప్రశ్న కాదు.

ఇది ఊరికే భయపడటం కాదు, చరిత్ర ఉంది. 1953లో సీఐఏ మొదలుపెట్టిన ఎంకే-అల్ట్రా కూడా పరిశోధన పేరుతోనే నడిచింది. ముసుగు సంస్థల ద్వారా యూనివర్సిటీలకి డబ్బు వెళ్ళేది, చాలామంది పరిశోధకులకి అది ఎవరి డబ్బో తెలియదు, తమకి తెలియకుండానే మత్తుమందుల ప్రయోగాలకి గురైన మనుషులున్నారు. 1973లో అప్పటి డైరెక్టర్ రిచర్డ్ హెల్మ్స్ ఫైళ్ళు తగలబెట్టించాడు, అయినా 1975లో సెనేట్ విచారణల్లో కొంత బయటపడింది. ఇంకొంచెం దగ్గరి ఉదాహరణ కావాలంటే, జనం లావాదేవీలన్నీ జల్లెడ పట్టే టోటల్ ఇన్ఫర్మేషన్ అవేర్‌నెస్ అనే డార్పా పథకాన్ని 2003లో అమెరికా చట్టసభ కాంగ్రెస్ డబ్బు ఆపి మూయించింది. మూసినా అందులో కొన్ని ముక్కలు పేర్లు మార్చుకుని ఎన్ఎస్ఏ దగ్గరున్న ఆర్డా అనే విభాగానికి చేరాయని 2006లో పత్రికల్లో వచ్చింది. ఆ ఆర్డానే తర్వాత పేరు మార్చుకుని ఐయార్పాలో కలిసింది. చట్టసభ వద్దన్నది కూడా పరిశోధన ముసుగులో బతకగలదని దీన్నిబట్టి అర్థమవుతుంది.

డబ్బు లెక్క కూడా ఇంతే. అమెరికా నిఘా బడ్జెట్ మొత్తం అంకె ఏటా చెప్తారు, 2023కి జాతీయ నిఘా కార్యక్రమానికి 7,170 కోట్ల డాలర్లు. అందులో ఐయార్పాకి ఎంత అన్నది రహస్యం. పోయిన వెంట్రుకలెన్నో, వచ్చిన కొండలెన్నో పక్కపక్కన పెట్టి చూసుకునే వీలు పన్ను కట్టేవాడికి లేదు. ఒక్కో ప్రోగ్రామ్ విషయంలో అంత నిక్కచ్చిగా ఉండే ఆఫీసు మొత్తం మీద తన స్కోరు ఎంతో బయటికి చెప్పకపోవడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు.

ఆపరేషన్ల వివరాలన్నీ బయటపెట్టాలని ఎవరూ అడగరు, అలా అడిగితే నిఘా అన్నదే ఉండదు. అడగవలసింది వేరే ఉంది, అది సాధ్యమే కూడా. బేబెల్ జట్లకి పెట్టిన లెక్కే ఆ సాఫ్ట్‌వేర్ వాడే సంస్థలకీ పెట్టాలి: ఈ ఏడాది ఎన్ని గంటల మాటలు విన్నది, లేని మాట ఉందని ఎన్నిసార్లు అన్నది, తప్పు మనిషిని ఎన్నిసార్లు చూపించింది, చూపించాక అది తప్పని తేలడానికి ఎన్ని రోజులు పట్టింది. దేశాల పేర్లూ మనుషుల పేర్లూ అక్కర్లేదు, అంకెలు చాలు. పరీక్ష పెట్టేది ఆ సంస్థ కాకుండా ఎన్ఐఎస్‌టీ లాంటి వేరొకరై ఉండాలి, ఆ అంకెలు కనీసం కాంగ్రెస్ రెండు నిఘా కమిటీల బల్ల మీదికైనా ఏటా రావాలి.